బీరువా జరపమన్న మేడం

గ్లాస్ ఫైబర్ పలకను హాక్సా బ్లేడుతో కోస్తే ఒక వాసన వస్తుంది. కాలిన జుట్టుకీ మాడిన జిగురుకీ మధ్య ఎక్కడో ఉంటుంది అది. మొన్న విశాఖపట్నంలో మా ఆఫీసు వెనక షెడ్డులో ఎవరో పాత సర్క్యూట్ బోర్డును కోస్తుంటే ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. ముందు నా ముంజేతులు దురద పెట్టాయి. కోస్తున్నది కింద షెడ్డులో, నేనున్నది పై అంతస్తులో. ఆ పొడి నా మీద పడే అవకాశమే లేదు. అయినా గోక్కున్నాను. ఆ తర్వాత కోపం వచ్చింది. చదువు చెప్పినవాళ్ళు గుర్తొస్తే చాలామందికి కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు వరహాలమ్మ మేడం గుర్తొస్తే ముందు పళ్ళు బిగుసుకుంటాయి. కన్నీళ్ళ సంగతి తర్వాత.

ఆవిడ శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య, హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. పుట్టింది భావనపాడులో, వేటకెళ్ళే ఇంట్లో. వేటంటే అక్కడ అడవిలో వేట కాదు, సముద్రంలో చేపల వేట. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. నేత చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని నడిచేవారు. మిగతా లెక్చరర్లు క్లాసులో ఇంగ్లీషూ, స్టాఫ్ రూములో పుస్తకాల తెలుగూ మాట్లాడితే, ఈవిడ రెండు చోట్లా భావనపాడు మాటే మాట్లాడేవారు. విద్యుదయస్కాంత తరంగాల సమీకరణాలు కూడా ఆ యాసలోనే బోర్డు మీదికి దిగేవి. వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవారు, ఆవిడ పట్టించుకునేవారు కాదు. పిల్లలందరూ ఆవిడకి 'మళ్ళీ మేడం' అని పేరు పెట్టారు. ఏ రికార్డు తీసుకెళ్ళి ముందు పెట్టినా, అది ఎంత బాగున్నా, ఆవిడ నోటి నుంచి మొదట వచ్చే మాట ఒక్కటే. "మళ్ళీ కొలు."

ఎం.టెక్ రెండో సంవత్సరంలో ప్రాజెక్టు కోసం నేను ఆవిడ దగ్గరకు వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. మిగతావాళ్ళ దగ్గర ఖాళీలు నిండిపోతే నన్ను ఆవిడ గదిలోకి నెట్టారు. మాది నరసన్నపేట పక్క పల్లె. వరి, వరి కోశాక మినుములు, అంతే మాకు. ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఫోన్లకు సంబంధించిన ప్రాజెక్టు చేస్తే బెంగుళూరులో ఉద్యోగం ఖాయమని ఎవరో చెప్పారు. గదిలో అడుగుపెట్టగానే ఆ మాటే అన్నాను. మేడం నన్ను కూర్చోమనలేదు.

"ఫోనుల మీద పనిసేసీవాళ్ళు సానామంది ఉన్నారు. నాకు గాలికి ఎగిరిపోని యాంటెన్నా గావాల. సేస్తావేటి?" అన్నారు.

అర్థం కాలేదు. ఆవిడ చెప్పుకుంటూ పోయారు. భావనపాడులో చేపలు దిగే చోట మత్స్యకారుల సొసైటీకి ఒక గది ఉంది. మెయిన్ రోడ్డు పక్కనున్న ఒక మేడ నుంచి ఆ గదికి వైర్‌లెస్ ఇంటర్నెట్టు వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి పైకప్పు మీద గిన్నెలాంటి డిష్ యాంటెన్నా పెడతారు. తుఫాను వచ్చిన ప్రతిసారీ గాలి ఆ గిన్నెలోకి దూరి దాన్ని మెలితిప్పి పారేస్తుంది. సరిగ్గా వాతావరణం కబురు అవసరమైన రోజునే అది పోతుంది. గిన్నె లేకుండా అంత పనీ చేసే పలక ఒకటి కావాలి. దాన్ని కిటికీలో అద్దం బిగించినట్టు బిగించేస్తే, చిన్న యాంటెన్నా గది లోపల స్టూలు మీద కూర్చుంటుంది. గాలి పట్టుకోవడానికి బయట ఏమీ ఉండదు.

"అంటే లెన్సు కదా మేడం. ఆ తరంగాలకి లెన్సు చేయాలంటే గుమ్మడికాయంత మందం వస్తుంది," అన్నాను.

"గుమ్మడికాయ వొద్దు. పలక గావాల," అన్నారు.

ఇప్పుడు ఆ పని గురించి కొంచెం చెప్పాలి. మామూలు భూతద్దం మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. మందం ఎక్కువున్న చోట వెలుతురు ఎక్కువ ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాల తేడా వల్లే కిరణాలన్నీ ఒక చోట కలుస్తాయి. అదే పనిని మందం లేకుండా చేయించవచ్చు. పల్చని పలక మీద రాగిరేకుతో వందల కొద్దీ చిన్న చిన్న గళ్ళు గీస్తారు. ఒక్కో గడి తరంగం పొడుగు కంటే చిన్నది. గడిలోని రాగి చతురస్రం కొలతను బట్టి అక్కడ తరంగం ఇంత ఆలస్యమవుతుంది. ఏ గడిలో ఎంత ఆలస్యం కావాలో లెక్కగట్టి, దానికి తగ్గ చతురస్రం గీస్తే చదునైన పలకే గుమ్మడికాయంత కటకం పని చేస్తుంది. దాన్ని మెటామెటీరియల్ లెన్సు అంటారు. పదార్థం మామూలుదే, దాని మీద గీసిన రూపం వల్ల దానికి లేని గుణం వస్తుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి వారం రోజులు తల పట్టుకుని కూర్చుంటే మేడం రెండు ముక్కల్లో తేల్చేశారు. "ఒడ్డున పెద్దవల లాగినప్పుడు సూసేవా? మధ్యలో ఉన్నోడికి దారి తక్కువ. సివర్లో ఉన్నోళ్ళకి ఎక్కువ. మధ్యలోడు తొందరపడితే వల వంకరపోతాది. ఆడు ఆగాల. ఎంత ఆగాలో అది లెక్క గట్టు, సాలు."

లెక్క గట్టడం నాకు నెలన్నర పట్టింది. కంప్యూటరులో కటకం అద్భుతంగా పనిచేసింది. రంగురంగుల బొమ్మల్లో తరంగాలు ఒక చుక్క దగ్గరకు వచ్చి చేరాయి. ఇక పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు బాధ. పలకలను బయటి ఊళ్ళో చేయించనివ్వకుండా ల్యాబులోనే చేయమన్నారు మేడం. రాగిరేకు అంటించిన గ్లాస్ ఫైబర్ పలకలను హాక్సాతో కోయడం, గళ్ళ నమూనా దాని మీద అచ్చువేయడం, ప్లాస్టిక్ టబ్బులో ఎర్రటి రసాయనం పోసి అనవసరమైన రాగి కరిగేదాకా ఊపుతూ కూర్చోవడం. నా గోళ్ళు పసుపు పచ్చగా మారిపోయాయి. ముంజేతుల నిండా కంటికి కనబడని గాజు పీచులు గుచ్చుకుని దురద. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నాకేదో చర్మరోగం ఉందని జరిగి కూర్చునేవారు. ఒక్కో కటకానికి మూడు పలకలు, ఒక్కో పలక మీద నాలుగు వందల గళ్ళు. పలక తయారయ్యాక భూతద్దం పెట్టి ఒక్కో గడినీ కొలిచి నోటుబుక్కులో రాయాలి. రసాయనం కొన్ని గళ్ళను అనుకున్న దానికంటే ఎక్కువ తినేసేది. అలాంటివి పదో పన్నెండో కనిపిస్తే చాలు, మేడం ఆ పలకను పక్కన పడేసేవారు.

"సాఫ్ట్‌వేర్‌లో వచ్చేసింది కదా మేడం. ఈ పది గళ్ళతో ఏమవుతుంది?" అని ఒకరోజు అడిగేశాను.

ఆవిడ నా చేతుల వైపు చూశారు. "సాఫ్టువేరుకి దురద పుట్టదు. ఇంకోటి కొయ్యి," అన్నారు. ఆ తర్వాత తన బ్యాగులోంచి కొబ్బరినూనె సీసా తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. పని మొదలుపెట్టకముందే రాసుకుంటే పీచులు అంత గుచ్చుకోవట. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే నా చేతులు బాగుండేవి. కానీ ఆవిడ ఎప్పుడూ అంతే. చెప్పాల్సింది చెప్పకుండా, చేయాల్సింది చేసేవారు.

ఏడో కటకం బాగా కుదిరింది. ల్యాబులో ఒక చివర సిగ్నల్ పంపే యాంటెన్నా, రెండో చివర పట్టుకునే యాంటెన్నా పెట్టి, ముందు కటకం లేకుండా ఎంత వస్తుందో, కటకం పెట్టాక ఎంత వస్తుందో కొలిచాను. కటకం పెట్టాక పన్నెండు రెట్లు పెరిగింది. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ పన్నెండే. ఆ రోజుల్లో వాళ్ళ అమ్మగారికి ఒంట్లో బాగాలేక మేడం నెలకు పైగా సెలవు పెట్టి భావనపాడులో ఉన్నారు. నేను ఆగలేక హెడ్డుగారికి చూపించాను. ఆయన మంచాయన, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, తిన్నని మాట. అంకెను చూసి లేచి నిలబడ్డారు. "మన డిపార్టుమెంటులో ఇలాంటిది ఇంతవరకూ రాలేదమ్మా," అన్నారు. ఆ రాత్రికే పేపరు రాయించారు. నా పేరు, మేడం పేరు, తన పేరు వేసి పెద్ద కాన్ఫరెన్సుకి పంపించారు. మేడంకి ఫోన్ చేస్తే, "అలాగే పంపండి, వొచ్చి సూస్తాను," అన్నారట. నెల తిరక్కుండా ఒప్పుకున్నామని జవాబు వచ్చింది. ఆ ఒక్క పేపరు చూసి, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థవాళ్ళు నన్ను పీహెచ్‌డీకి తీసుకుంటామన్నారు, పేపరు అచ్చయితే చాలన్నారు. మా నాయన పొలం నుంచి వస్తూ దారిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.

మేడం తిరిగివచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వాళ్ళమ్మగారు కోలుకున్నారు. మేడం ఎండు మెత్తళ్ళు, వేలెడంత చిన్న చేపలు, పొట్లం కట్టి నాకోసం తెచ్చారు. బల్ల మీద పెట్టి, నోటుబుక్కు తీయమన్నారు. పన్నెండు రెట్లు అన్న అంకె వైపు చూడనే లేదు. దానికి పై వరసలో వేలు పెట్టారు.

"లెన్సు లేనప్పుడు ఇంతేనా వొచ్చినాది?"

"అవును మేడం."

"ఇంత తక్కువ రాకూడదు గదా. లెక్క సూసేవా?"

చూడలేదు. కటకం పెట్టాక వచ్చిన అంకె మీదే నా ధ్యాసంతా. కటకం లేనప్పుడు వచ్చేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆవిడ పెన్సిలుతో నోటుబుక్కు అంచున లెక్క గట్టారు. కటకం లేకుండా రావలసినదానికి నాకు వచ్చింది సగం కంటే తక్కువ. ఆవిడ లేచి ల్యాబంతా కలియజూశారు. గోడవార పెద్ద ఇనుప బీరువా ఉంది. ఇరవై ఏళ్ళ ప్రశ్నపత్రాలు, పనికిరాని రిజిస్టర్లు నింపి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పోగొట్టుకున్న బీరువా.

"దాన్ని జరుపు," అన్నారు.

తాళంచెవి లేదు కాబట్టి ఖాళీ చేయడం కుదరలేదు. మేడం, నేను, ఇద్దరు అటెండర్లు కలిసి దాన్ని వరండాలోకి ఈడ్చడానికి ఆ పూటంతా పట్టింది. నేల మీద తెల్లటి గీతలు పడ్డాయి. లోపలికొచ్చి మళ్ళీ కొలిచాను. కటకం పెట్టినప్పుడు వచ్చిన అంకె దాదాపు మారలేదు. కటకం లేనప్పటి అంకె మాత్రం రెట్టింపు దాటి పెరిగిపోయింది. కటకం లేనప్పుడు తరంగాలు వెడల్పుగా పరుచుకుని వెళ్ళి, ఆ బీరువాకి తగిలి వెనక్కొచ్చి, నేరుగా వస్తున్న తరంగాలను కొట్టేస్తున్నాయి. కటకం పెడితే అవి ఒక దారిన పోతాయి, బీరువాకి తగలవు. అంటే నా కటకం అంత గొప్పదేమీ కాదు. దాన్ని పోల్చి చూసిన అంకెను బీరువా గోతిలోకి తోసింది. పన్నెండు రెట్లు కాదు, అయిదు రెట్లు.

పన్నెండు పక్కన అయిదు వేశాను. అయినా నోరు ఊరుకోలేదు. "మేడం, కటకం పెట్టినప్పటి అంకె నిజమే కదా. బీరువా సంగతి ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఇవాళ్టికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే రోత. కానీ ఆ రోజు అనాలనే అన్నాను. ఆవిడ తిట్టలేదు, నచ్చజెప్పలేదు. చీర కొంగుతో చేతికంటిన బీరువా తుప్పు తుడుచుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. రేపు మాట్లాడతారు కాబోలు, ఏదో దారి చూపిస్తారు కాబోలు అనుకుంటూ బస్సెక్కాను.

మర్నాడు నేను కాలేజీకి వచ్చేసరికే పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు కాన్ఫరెన్సువాళ్ళకి మెయిలు వెళ్ళిపోయింది. ఆ విషయం నాకు మేడం చెప్పలేదు. హెడ్డుగారి గది బయట నిలబడి విన్నాను. లోపల ఆయన గొంతు మొదటిసారి పెద్దదైంది. "మేడం, ప్రపంచంలో బీరువా లేని ల్యాబు ఎక్కడుందో చెప్పండి. ఒక సవరణ రాస్తే సరిపోయేది. ఆ పిల్ల సంగతైనా ఆలోచించారా? మీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది, దాని సంగతి ఆలోచించారా?"

"అయిదుని పన్నెండని రాసి, కింద సవరణ ఏటని రాయాల సార్?" అన్నారు మేడం. అంతకుమించి ఆవిడ గొంతు వినబడలేదు. ఇంకా కొంచెం వాదిస్తారని, నాకోసం ఒక్క ముక్క అంటారని తలుపు దగ్గరే నిలబడి చూశాను. అనలేదు. హైదరాబాదు సీటు పోయింది. మేడం ప్రమోషన్ ఫైలు కూడా ఆ ఏడాది కదల్లేదు, తర్వాతా కదల్లేదు. కానీ ఆ రెండోదాని గురించి అప్పట్లో నాకు చింత లేదు.

ఇంటికెళ్ళి చదువు మానేస్తానన్నాను. మా నాయనకి నేను చెప్పిన బీరువా కథ ఏమీ అర్థం కాలేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు విన్నాడు. చివరికి, "ఆయమ్మతోటి మాటాడకు. నీకు కోపం గదా, మాటాడకు. పని మట్టుకు ఒగ్గీకు," అన్నాడు. నేను అక్షరాలా అదే చేశాను. రెండు నెలలు మేడంతో మాట్లాడలేదు. ఆవిడ అడిగినదానికి కాగితం మీద రాసి జవాబిచ్చేదాన్ని. ఆవిడ కూడా మారుమాట లేకుండా అదే కాగితం కింద రాసేవారు. ఎక్కువగా 'మళ్ళీ కొలు' అన్న ఆ రెండు మాటలే. ఆ కాగితాలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రతి కాగితాన్నీ ఉండచుట్టి చెత్తబుట్టలోకి విసిరేదాన్ని.

బీరువాలు, గోడలు లేని చోట కొలవాలంటే ఆరుబయటే కొలవాలి. అందుకు మేడం నన్ను భావనపాడు తీసుకెళ్ళారు. ఒకటి కాదు, వరసగా ఎనిమిది ఆదివారాలు. తెల్లవారి గాలి లేవకముందే ఇసుకలో రెండు వెదురు గడలు పాతి, వాటికి యాంటెన్నాలు కట్టి కొలిచేవాళ్ళం. బోట్లు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. ఇసుక తడిగా ఉంటే ఒక రకంగా, ఆరితే ఒక రకంగా వచ్చేది. గడలు ఎత్తు పెంచి మళ్ళీ కొలిచేవాళ్ళం. కటకాన్ని పట్టుకోవడానికి మేడం వాళ్ళ అన్నయ్య నూకయ్యగారు వచ్చేవారు. అరవై దాటినా నిటారుగా ఉండే మనిషి. మొదటి రోజు పలకను చేతిలోకి తీసుకుని అంచు గోటితో గీకి చూసి, వాసన చూశారు. "ఇది మా బోటు సెక్కే గదేటి," అన్నారు. నిజమే. ఫైబర్ బోటూ, ఈ పలకా ఒకే సరుకు, గాజు పీచూ జిగురూ. ఏడాది పాటు దాంతో కుస్తీపట్టిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

మూడో ఆదివారం మేడం ఇంటికెళ్ళి టిఫిను తెస్తానని వెళ్ళారు. నేను ఇసుకలో కూర్చుని కోపంగా అంకెలు రాసుకుంటున్నాను. నూకయ్యగారు పక్కన కూర్చున్నారు.

"మా సెల్లి మీద కోపమేటి నీకు?" అన్నారు.

నేను అంకెలు రాస్తూనే ఉన్నాను. ఆయనే మెల్లగా చెప్పుకొచ్చారు. మేడం డిగ్రీ చదివే రోజుల్లో వాళ్ళ నాయన బోటులోకి వైర్‌లెస్ సెట్టు ఒకటి కొన్నాడు. ఎంత దూరం వినబడుతుందో పెట్టె మీద రాసి ఉంది. అమ్మినవాడు దాన్ని ఊళ్ళోనే, మేడ మీద నిలబడి మాట్లాడి చూపించాడు. సముద్రంలో ఇంజను ఆగిపోయిన రోజు పెట్టె మీద రాసిన దూరంలో సగం కూడా లేరు వాళ్ళు. ఎంత పిలిచినా ఎవరికీ వినబడలేదు. మూడో రోజుకి వేరే ఊరి బోటువాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు.

"పేనాలకేటీ అవనేదు. అందరం వొచ్చినాం. మా నాయన మట్టుకు మళ్ళీ ఏటకి ఎల్లనేదు. ఒడ్డునే కూకుండిపోయినాడు. ఆ సెట్టు పెట్టెని సెల్లే మా ఇంట్లో దాసినాది. దాని మీద అంకె సూస్తాది అప్పుడప్పుడూ," అన్నారు.

అది విన్నాక నా కోపం పోయిందని రాస్తే ఈ కథ అందంగా ఉండేది. పోలేదు. ఇంకా పెరిగింది. ఇంత సంగతి మనసులో పెట్టుకుని ఒక్క ముక్క నాతో చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని కదా అనిపించింది. మేడం ఇడ్లీల గిన్నెతో తిరిగొచ్చారు. నేను తినకుండా గడల దగ్గరకు వెళ్ళి, ఆవిడ అడక్కుండానే మళ్ళీ కొలిచాను. అయిదు రెట్లు. తర్వాతి ఆదివారం అయిదు. ఆ పైవారం అయిదు. ఎండలో, మబ్బులో, పోటులో, ఆటులో, ఎప్పుడు కొలిచినా అయిదుకు అటూ ఇటూ వెంట్రుకవాసి తేడాతో వచ్చింది. సొసైటీ గదికి నాలుగు రెట్లుంటే చాలు.

వర్షాలకు ముందు కటకాన్ని సొసైటీ గది కిటికీకి బిగించాం. వడ్రంగి చేత టేకు చట్రం చేయించాం. నీళ్ళు దిగకుండా నూకయ్యగారు పలకల అంచులకి బోట్లకు పూసే రెజిన్ పూశారు. మనసుపడి, అడక్కుండానే, పలక ముఖం మీద కూడా ఒక పూత వేసేశారు. నున్నగా, మెరుస్తూ తయారైంది. అక్కడున్నవాళ్ళంతా బాగుందన్నారు. మేడం చెవి మీద పెన్సిలు తీశారు. పూత వేస్తే తరంగం ఇంకొంచెం ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది, ఆ మాట నాకూ తెలుసు. "తీసి కొలాల," అన్నారు. రెండు నెలల తర్వాత నేను ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అప్పుడే. నా నోట్లోంచి కాలేజీ తెలుగు రాలేదు, మా ఊరి మాటే వచ్చింది. "మీకు మనుషులంటే జాలి నేదేటి మేడం?" అన్నాను. నూకయ్యగారు పడీపడీ నవ్వారు. మేడం నవ్వలేదు. చట్రం మేకులు ఒక్కొక్కటే ఊడదీసి నా దోసిట్లో పోశారు. కొలిచాం. లెక్క తప్పింది. పలకలు మళ్ళీ చేశాను, ఈసారి పూత మందం కూడా లెక్కలో వేసుకుని.

ఆ ఏడాది తుఫాను ఆ ఒడ్డు మీదికే వచ్చింది. తెల్లవారుజామున మొదలైన గాలి పొద్దెక్కేసరికి కొబ్బరిచెట్ల తలలు విరిచేసింది. మొబైల్ టవర్లు ఒక్కొక్కటే పడుకున్నాయి. పక్క గోదాము మీద డిష్షు ఎప్పట్లాగే మడతపడి ఎటో పోయింది. సొసైటీ గదిలో ఒక బ్యాటరీ, స్టూలు మీద చిన్న యాంటెన్నా, కిటికీలో మా పలక. గదిలో ఇరవైమంది దాకా తలదాచుకున్నారు. కొంతసేపటికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తెరిపిచ్చింది గదా అని మగవాళ్ళు ఒడ్డున కట్టిన బోట్లు చూసుకోవడానికి లేచారు. అప్పుడు మెయిన్ రోడ్డు మేడ నుంచి కబురొచ్చింది. తుఫాను తగ్గలేదు, దాని నడిమధ్య మీ నెత్తి మీద ఉంది, కాసేపట్లో గాలి అటువైపు నుంచి మళ్ళీ వస్తుంది, ఎవరినీ కదలనివ్వకండి. గుమ్మం దాటినవాళ్ళను నూకయ్యగారు కేకలేసి వెనక్కి పిలిచారు. గంట తిరక్కుండా రెండోవైపు గాలి వచ్చింది. ఒడ్డున కట్టిన బోట్లలో సగం పైగా పగిలిపోయాయి. మనుషులు దక్కారు.

రోడ్లు తెరిచాక మేడం, నేను వెళ్ళాం. దారిపొడుగునా పడిపోయిన చెట్లు దాటుకుంటూ, చివర రెండు మైళ్ళు నడిచి. సొసైటీ గది ముందు ఆడవాళ్ళు ఉప్పుపట్టిన బట్టలు ఆరేస్తున్నారు. నన్ను చూసి ఒకామె నా చేయి పట్టుకుని ఏడ్చింది. వాళ్ళాయన గుమ్మం దాటి వెనక్కొచ్చినవాళ్ళలో ఒకడు. నాకూ ఏడుపొచ్చింది. ఏడాదిన్నర కష్టం, పోయిన సీటు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మేడం వైపు తిరిగాను. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటారని. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి పలక మీద ఉప్పుపొర గోటితో గీకుతున్నారు.

"అన్నయ్యా, వాన గట్టిగా కొట్టినప్పుడు సిగ్నలు తగ్గినాదా?"

"సన్నగా అయినాది గానీ తెగనేదు."

"ఎంత సన్నగా?" అని, నావైపు చూసి, "పుస్తకం తెచ్చేవా? తడిసిందాన్ని తడిసినట్టే కొలాల. ఆరిపోతే మళ్ళీ దొరకదు," అన్నారు.

నేను ఏడుపు ఆపి కొలిచాను. అంకెలు రాస్తూ మనసులో ఆవిడను ఎన్ని మాటలన్నానో ఆ దేవుడికి తెలుసు. ఆ తడి అంకెలతో రాసిన పేపరు మరుసటి ఏడాది ఒక చిన్న పత్రికలో వచ్చింది. దాన్ని చూసే నాకు ఇప్పుడున్న ఉద్యోగం ఇచ్చారు. తడిలో కొలిచినవాళ్ళు మాకు దొరకరండీ అన్నారు ఇంటర్వ్యూలో.

మేడం అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు. ఇప్పుడు నరసన్నపేటలో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. ఆ వాసన వచ్చిన వారంలోనే మా ఊరు వెళ్తూ ఆవిడ దగ్గర ఆగాను. జుట్టు పూర్తిగా నెరిసింది. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటేనే, "సిక్కిపోయినావు, తింటన్నావా లేదా?" అన్నారు. చేపల పులుసు వేసి అన్నం పెట్టారు. తింటూ తింటూ, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"పేపరు వెనక్కి తీసుకోవడం తప్పని నేననను మేడం. కానీ పంపేముందు నాకొక్క మాట చెప్పాల్సింది. హెడ్డుగారి తలుపు బయట నిలబడి విన్నాను నేను."

ఆవిడ గరిటె కింద పెట్టారు. పులుసు గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"సెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఆ ఉత్తరం రాయలేను," అన్నారు. "ఆ రోజు నీకు మెత్తళ్ళు తెచ్చేను గదా. నువ్వు బల్ల మీద ఒగ్గేసి ఎల్లిపోయావు. పొట్లం అక్కడే ఉన్నాది. దాన్ని సూస్తా రాసేను."

నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆవిడే అడిగారు.

"ఇంకా కోపం ఉన్నాదేటి?"

"ఉంది మేడం," అన్నాను.

"ఉండనీ," అని నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశారు.

ఉంది. నాకు చెప్పకుండా నా విషయంలో సరైన పని చేసిన మనిషి మీద కోపం అంత తేలిగ్గా పోదు. దాన్ని నేను ఉద్యోగంలోకీ తెచ్చుకున్నాను. ఎవరైనా మంచి అంకె తెచ్చి ముందు పెడితే నాకు సంతోషం కలగదు. ముందు కోపమొస్తుంది, ఆ తర్వాత లేచి వెళ్ళి ఆ గదిలో ఏముందో చూస్తాను. ఆఫీసులో నన్నూ వెనక ఏదో పేరుతో పిలుస్తారని విన్నాను. అదేమిటో అడగలేదు.